చెల్లని రెండు ఓట్లు

మా బడి పూర్వవిద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు గ్రూపులో నాలుగుసార్లు గుర్తుచేశారు. ఐదోసారి మరమరాలు (మా క్లాసులో అందరివీ ఇలాంటి ముద్దుపేర్లే) నేరుగా ఫోన్ చేసి, "ఏమ్మా ప్రొఫెసరమ్మా, టీవీల్లో గంటలు గంటలు మాట్లాడతావు, మన బడికి రెండు పేజీలు రాయలేవా?" అన్నాడు. టీవీలో నేను మాట్లాడింది మొత్తం రెండుసార్లు. రెండోసారి నా మాట సగంలో ఉండగానే ప్రకటనలు వచ్చేశాయి. నా రీసెర్చి గురించి అందరికీ అర్థమయ్యేలా రాయాలని షరతు కూడా పెట్టాడు. అందులో అర్థం కానిదేముంది బాబూ! తొమ్మిది-బి లో మొదలైంది, ఇంకా తెమల్లేదు.

అది 1982. ఆ ఏడు మార్చిలోనే తెలుగుదేశం పుట్టింది, అరుగుల మీద వేరే మాట లేదు. సోషల్ మాస్టారికి ఇంకేం కావాలి? క్లాసు లీడరుకి ఎన్నిక పెట్టేశారు. త్రీఫేజుకి గంట గుర్తు, బెల్లానికి డస్టరు, మూడో ఆయనకి గొడుగు. (మూడో ఆయన ఇప్పుడు కమిటీలో పెద్ద హోదాలో ఉన్నాడు, పేరు రాస్తే వ్యాసం వేయడు.) మరమరాలు నామినేషన్ల రోజు డస్టరు వైపు, పోలింగు రోజుకి రెండు పల్లీచిక్కీలు పుచ్చుకుని గంట వైపు. ఫిరాయింపుల చట్టం 1985లో గానీ రాలేదు కాబట్టి బతికిపోయాడు.

కాపీయింగ్ పెన్సిలు మొన నాలుక మీద తడుపుకుని, ఒక్కొక్కరి వేలిగోటి మీద గీత గీశారు మాస్టారు. సాయంత్రం దాకా ఆయన పెదవులు ఊదారంగులోనే ఉన్నాయి. డ్రిల్లు మాస్టారి బూట్ల అట్టపెట్టే బ్యాలెట్ బాక్సు. ఎవరితోనూ మాట్లాడని దాన్నని లెక్కింపు నాకు అప్పజెప్పారు. మొత్తం 43. గంటకి 16, డస్టరుకి 14, గొడుగుకి 11, చెల్లనివి 2.

త్రీఫేజుని భుజాలకెత్తుకున్నారు. మాస్టారు గోల ఆపించి, చెల్లనివి పైకి చదవమన్నారు. ఒకదాంట్లో మూడు గుర్తుల మీదా టిక్కులున్నాయి. రెండోదాంట్లో "ఎవ్వరూ వద్దు, సెలవు కావాలి" అని ఉంది. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఆ చీటీని వెలుగు వైపు పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇదీ ఒకళ్ళ మాటే, రాసుకో" అన్నారు. తర్వాత బోర్డు మీద 43 లోంచి 16 తీసేసి, 27 కింద రెండు గీతలు కొట్టి, "వీళ్ళ లీడరెవరు?" అని అడిగారు. బెల్లం చెయ్యెత్తాడు. ఆ తర్వాత పడిన దెబ్బ నేను రాయక్కర్లేదు.

1983 జనవరిలో శాసనసభ ఎన్నికల ఫలితాలొచ్చాక మాస్టారు పేపరు తెచ్చి మళ్ళీ అదే తీసివేత. తెలుగుదేశానికి సగానికి తక్కువ ఓట్లు, 294లో 200 పైచిలుకు సీట్లు. నా పీహెచ్‌డీ అంతా ఆ తీసివేతే. కాకపోతే పోలింగు బూత్‌ల వారీగా చేశాను. ఆ లెక్కలుండే కాగితాన్ని ఫారం 20 అంటారు. వాటి కోసం ఒక జిల్లా రికార్డు రూములో ఎండాకాలమంతా చెదలతో పోటీపడ్డాను. రెండు నియోజకవర్గాల్లో చెదలే గెలిచాయి.

1996లో నల్గొండ వెళ్ళాను. ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక జనం నిరసనగా నామినేషన్లు వేస్తే, లోక్‌సభ సీటుకి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాదది, పుస్తకం. బూతు బయట వేపచెట్టు కింద ఒక ముసలామెను, ఇంతమందిలో ఎవరు గెలుస్తారని అడిగాను. "గెల్వనీకి కాదు బిడ్డా, నీళ్ల కోసం నిలవడ్డరు" అంది. బస్సులో తిరిగొస్తుంటే నాకు ఆ సెలవు చీటీ గుర్తొచ్చింది. ఆ ఏడే లోక్‌సభ డిపాజిట్టును 500 నుంచి 10,000 చేశారు. అయినా 2019లో నిజామాబాద్‌లో, పసుపు రైతులు నిలబడితే, మళ్ళీ 185 పేర్లు.

తర్వాత పదేళ్ళు శాసనసభ చర్చలు చదువుతూ లైబ్రరీల్లో గడిపాను. అక్కడ గిలటిన్ అని ఒకటుంది. టైము లేదని మిగిలిన బడ్జెట్ పద్దులన్నీ చర్చ లేకుండా ఓటుకి పెట్టేస్తారు. మనకి ఆఖరి వారంలో జాగ్రఫీ పూర్తిచేసినట్టే. పదో తరగతి గురించి కూడా రాయమన్నాడు మరమరాలు. నిజం చెప్పొద్దూ, హాల్‌టికెట్ మీద ఫోటో తప్ప ఏమీ గుర్తులేదు.

నా పుస్తకం మొదటి కాపీ పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. అప్పటికే చూపు బాగా తగ్గింది. అట్ట మీద నా పేరు వేలితో తడిమారు. "చెల్లని ఓట్లకి ఎన్ని పేజీలిచ్చావమ్మా?" అన్నారు. ఒక అధ్యాయం అన్నాను. "చాలదు" అన్నారు.

మళ్ళీ వెళ్ళింది 2013 చివర్లో. ఓటింగు యంత్రం మీద నోటా మీట పెట్టారని చెబితే చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. సందు దొరికింది కదాని, ముప్పై ఏళ్ళుగా నోట్లో నానుతున్నది అడిగేశాను. "మాస్టారూ, ఆ సెలవు చీటీ... చేతిరాత మీరు గుర్తుపట్టారు కదా?"

"రహస్య బ్యాలెట్ అమ్మా" అన్నారు.