సరిహద్దు కింద ఒకే నీరు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నన్ను, దేశాల మధ్య నదీజలాల పంపకం, ఘర్షణ, శాంతి గురించి జెనీవాలో జరిగే ఒక చర్చకు రమ్మని పిలిచినప్పుడు మొదట కలిగినది సంకోచమే. కాలువకు గండి పడితే ఇసుక బస్తాలు వేయించడం, గేట్లు తిప్పే లష్కర్లతో కలిసి రాత్రిళ్లు తూముల వెంట తిరగడం, చివరి భూములకు నీరందలేదని వచ్చిన రైతులకు సమాధానం చెప్పుకోవడం నాకు తెలిసిన పని. ఒప్పందాల భాష నాకు పరిచయం లేదు. అయినా వెళ్లాలనిపించడానికి ఒక కారణం ఉంది. 2023 నవంబరు చివరలో సాగర్ డ్యాం మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి, 26 గేట్లలో 13 ఇటు, 13 అటు అన్నట్టు మధ్యలో ముళ్లకంచె వెలిసినప్పుడు, కుడి కాలువ కింద పల్నాడులో ఉన్న మా చెల్లెలి ఇంటికి ఫోను చేయడానికి నాకు రెండు రోజులు మనసు రాలేదు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఖరీఫ్‌లోనూ పంటల గురించి మాట్లాడుకునే మా బావగారితో ఆ వారం ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ మౌనం నన్ను చాలాకాలం బాధించింది.

జెనీవాలో దిగిన సాయంత్రం నేను ముందుగా గమనించినది వీధి మూలల్లోని రాతి తొట్లు. వాటిలోకి ధారగా పడే నీటిని దారిన పోయేవారు దోసిలి పట్టి తాగుతున్నారు. తాగకూడని చోట మాత్రం ఆ సంగతి తెలిపే చిన్న పలక ఉంది. నీటి గురించి ప్రపంచం మాట్లాడుకునే చోటు ఈ ఊరు ఎందుకైందో మరునాడు అర్థమైంది. సరిహద్దులు దాటే నదులు, సరస్సుల రక్షణకు 1992లో హెల్సింకీలో కుదిరిన ఒప్పందం సచివాలయం ఇక్కడే ఉంది. మొదట ఐరోపా ప్రాంతానికే పరిమితమైన ఆ ఒప్పందంలో 2016 నుంచి ఏ దేశమైనా చేరే వీలు కలిగింది, 2018లో చాద్, సెనెగల్ చేరాయి. నీరు, శాంతి విషయాన్ని పరిశీలించడానికి 15 దేశాలు కలిసి 2015లో ఏర్పాటు చేసిన ఉన్నతస్థాయి బృందం, స్లొవేనియా మాజీ అధ్యక్షుడు డానిలో త్యుర్క్ అధ్యక్షతన పనిచేసి, 2017లో తన నివేదికను విడుదల చేసినది కూడా ఈ ఊళ్లోనే. మన దేశం ఆ 1992 ఒప్పందంలోనూ, 1997 నాటి ఐక్యరాజ్యసమితి జలమార్గాల ఒప్పందంలోనూ లేదు. అందువల్ల నేను అక్కడ వినడానికి వచ్చినవాడిగానే కూర్చున్నాను.

ఎవరు ఏ మాట అన్నారో బయట చెప్పకూడదన్న నియమం మీద ఆ చర్చ సాగింది కనుక పేర్లు రాయను. మొదటి రోజు ప్రసంగాల్లో ఎక్కువ భాగం నాకు గుర్తు లేదు. గుర్తున్నది టీ విరామంలో పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ నదీ పరీవాహకం నుంచి వచ్చిన ఒక ఇంజనీరు నా నోట్‌బుక్ చివరి పేజీలో గీసిన గీత. ఆ నదిని మాలి, మారిటేనియా, సెనెగల్ దేశాలు 1972లో ఏర్పరచుకున్న సంస్థ నడుపుతున్నది, 2006లో గినీ కూడా చేరింది. మనంతాలి డ్యాం పూర్తిగా మాలి భూభాగంలో ఉన్నా, 1978 నాటి ఒడంబడిక ప్రకారం దాని యాజమాన్యం ఉమ్మడిది. ఆయన ఆ డ్యాం గుర్తు చుట్టూ ఒక వలయం గీసి, డ్యాం కట్టిన అప్పుకు హామీ అందరిదీ, ఆస్తి అందరిదీ అన్నారు. వాటాలు ఎలా అని అడిగాను. ఏ దేశానికి ఎంత అని కాక, సాగుకు ఎంత, విద్యుత్తుకు ఎంత, నావలకు ఎంత, తాగడానికి ఎంత అన్న లెక్క మీద జలసంఘం కూర్చుని తేల్చుతుందని చెప్పారు. 1989లో సెనెగల్, మారిటేనియాల మధ్య నది ఒడ్డున మేత భూముల దగ్గర మొదలైన తగాదా మారణకాండగా మారి రాయబార సంబంధాలు తెగిపోయినా ఆ సంస్థ మూతపడలేదు. ఇది కృష్ణకు యథాతథంగా పనికివస్తుందని నేను అనుకోను. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన 811 టీఎంసీల్లో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ప్రతి టీఎంసీకీ ఒక ప్రాజెక్టు, దాని వెనుక ఒక ఆయకట్టు, ఒక తరం ఆశ కట్టుబడి ఉన్నాయి. కానీ ఆ పేజీని మాత్రం చించకుండా దాచుకున్నాను.

రెండో రోజు విన్న విషయం ఇంకా బరువైనది. తూర్పు ఉక్రెయిన్‌లో దొనెత్స్క్ వడపోత కేంద్రం కాల్పుల రేఖ మధ్యలో ఉండి రెండు వైపుల జనానికీ తాగునీరు ఇచ్చేది. 2018 ఏప్రిల్‌లో ఆ కేంద్రం సిబ్బంది ప్రయాణిస్తున్న బస్సు మీద కాల్పులు జరిగి ఐదుగురు గాయపడ్డారు. తాగునీటి కట్టడాల మీద దాడి చేయరాదని 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక 54వ అధికరణం స్పష్టంగా చెబుతున్నది. అయినా పంపు దగ్గరికి వెళ్లే ఫిట్టరు ప్రాణానికి భరోసా లేదు. నా ఉద్యోగ జీవితంలో గేటు తిప్పడానికి వెళ్లిన లష్కరు ఇంటికి తిరిగి వస్తాడా అని ఒక్క రాత్రి కూడా నేను భయపడలేదు. అదెంత భాగ్యమో ఆ గదిలో కూర్చున్నప్పుడు తెలిసింది.

సింధు ఒప్పందం మాట రాక తప్పలేదు. 1960లో కుదిరి 1965, 1971, 1999 యుద్ధాలను దాటిన ఆ ఒప్పందాన్ని, పహల్గాంలో పర్యాటకులను చంపిన దాడి తరువాత 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం నిలుపుదల చేసింది. నా అభిప్రాయం అడిగారు. ఆ మృతుల కుటుంబాల బాధను ముందు చెప్పి, ఆ తరువాత ఇంజనీరుగా ఒక్క మాటే అన్నాను. ఆ ఒప్పందంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆరో అధికరణం. నదుల రోజువారీ గేజి (నీటి మట్టం), ప్రవాహ లెక్కలను రెండు దేశాలూ ఒకరికొకరు పంపుకోవాలన్నది దాని సారం. ఎగువన ఎంత నీరుందో దిగువవాడికి తెలియని చోట పుకారు ముందు పారుతుంది, నీరు వెనుక వస్తుంది. కాలువ మీద నేను చూసిన తగాదాలన్నీ అలాగే పుట్టాయి.

చర్చ ముగిసిన మరునాడు 17వ నంబరు ట్రాము ఎక్కాను. మొయెసులాజ్ దగ్గర ఫొరోన్ అనే చిన్న వాగు దాటగానే స్విట్జర్లాండ్ పోయి ఫ్రాన్స్ వచ్చింది. ఆ రోజు ఎవరూ మమ్మల్ని ఆపలేదు. పట్టాల కింద, భూమి లోపల, రెండు దేశాలకూ చెందిన జలాశయం ఒకటి ఉంది. 1960, 70లలో ఇరువైపులా ఇష్టం వచ్చినట్టు తోడడంతో దాని మట్టం ఏడు మీటర్లకు పైగా పడిపోయి, నిల్వలో మూడో వంతు తరిగిపోయింది. అప్పుడు జెనీవా కాంటన్ (స్విస్ రాష్ట్రం), ఫ్రాన్స్‌లోని ఓత్-సవోయ్ జిల్లా యంత్రాంగం 1978లో ముప్పై ఏళ్లకు ఒప్పందం రాసుకున్నాయి. ఇరువైపుల నుంచి ముగ్గురు చొప్పున ఆరుగురు సభ్యుల సంఘం ఏర్పడింది. తోడే ప్రతి బావికీ మీటరు తప్పనిసరి చేశారు. ఫ్రెంచి వైపు ఏడాదికి 50 లక్షల ఘనపు మీటర్లు తోడుకోవచ్చు, అందులో మొదటి 20 లక్షలు ఉచితం, ఆపైన ఖర్చులో వాటా కట్టాలి. గడువు తీరాక 2008 నుంచి అమలయ్యేలా మళ్లీ రాసుకున్నారు.

మధ్యాహ్నం కరూజ్ నుంచి ఆర్వ్ నది ఒడ్డున ఎగువకు నడిచి వెస్సీ చేరాను. మాంట్ బ్లాంక్ హిమానీనదాల నుంచి వచ్చే ఈ నది నీటినే 1980 నుంచి ఇక్కడ ఇసుకలో వడగట్టి, భూమిలో పరచిన చిల్లుల గొట్టాల ద్వారా ఆ జలాశయంలోకి ఇంకిస్తున్నారు. తోడు వచ్చిన స్థానిక జలశాస్త్రవేత్త గట్టు దిగి, ఖాళీ సీసాలో నీరు ముంచి రాయి మీద పెట్టారు. బూడిద రంగు నీరు. మేము మాట్లాడుకుంటూ ఉండగానే అడుగున వేలి మందం మెత్తటి రాతిపొడి పేరుకుంది. ముందురోజు కొండల్లో వాన పడింది. నది ఇంత బురదగా ఉన్నప్పుడు ఇంకించడం ఆపుతారని, ఆ ఆపిన రోజుల లెక్క కూడా రెండు వైపులకూ వెళుతుందని ఆయన అన్నారు. ఫ్రెంచి వాటా మొత్తం మన లెక్కలో టీఎంసీలో ఐదో వంతు కూడా కాదు. ఇంత కొద్ది నీటికి ఇంత శ్రద్ధా అని నేను అడిగితే, కొద్దిగా ఉన్నప్పుడే మొదలుపెట్టగలిగామని ఆయన జవాబిచ్చారు.

ఇంటికి వచ్చిన వారానికి మా ఊరి మేజరు కాలువ దగ్గరికి వెళ్లాను. గేజి పలక మీద అంకెలు నాచు కింద కనిపించలేదు. లష్కరు నీళ్లలోకి దిగి కొబ్బరి పీచుతో రుద్దాడు. నీలి రంగు అంకెలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. నేను అక్కడి నుంచే పల్నాడుకు ఫోను చేశాను.

"బావగారూ, మీ కాలువ గేజి ఇవాళ ఎంతుంది?"

"ఎందుకు బావా?"

"రాసుకుంటాను. మాది చెబుతాను, మీరూ రాసుకోండి."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. పది నిమిషాల్లో గట్టు మీద నుంచి మళ్లీ ఫోను చేస్తానన్నారు, చేశారు. ఆ రెండు అంకెలు సెనెగల్ నది గీసిన పేజీ వెనుక వైపున ఉన్నాయి, ఇప్పుడు వాటి కింద మరికొన్ని వరుసలు చేరాయి.