‘అన్ని కార్లకూ సరిపోతాయి’ అన్న అద్దాలు: నా అనుభవం

కారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) లాగడానికి కారు పక్క అద్దాల మీద బిగించే అదనపు అద్దాలు కొనబోయేవారికి ముందుగా ఒక మాట. పెట్టె మీద ‘అన్ని కార్లకూ సరిపోతాయి’ అని రాసి ఉంటే ఆ పెట్టెను తీసిన చోటే పెట్టేసి వచ్చేయండి. నా కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

అసలు అద్దాలు అవసరమా అన్న ప్రశ్న తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా కారు ఒళ్లు 1.8 మీటర్ల వెడల్పు, కారవాన్ 2.3 మీటర్లు. అంటే రెండు వైపులా చెరో 25 సెంటీమీటర్లు కారవాన్ బయటికి పొడుచుకొస్తుంది. కొక్కెం తగిలించి సీట్లో కూర్చుంటే లోపలి అద్దంలో కారవాన్ ముందు గోడ, పక్క అద్దాల్లో దాని పక్క గోడ. వెనక లారీ వస్తోందో, సైకిలు వస్తోందో దేవుడికే తెలియాలి. “ఎలాగూ నెమ్మదిగానే వెళతాం కదా, ఇంత హడావుడి దేనికి?” అనేవారు నాకు చాలామంది తగిలారు. నెమ్మదిగా వెళ్లేవాడినే కదా అందరూ దాటిపోయేది! వెనక ఎవరున్నారో అందరికంటే ఎక్కువగా తెలియాల్సింది వాడికే. ఇలాంటివారితో వాదించి లాభం లేదు, వారి వెనక ప్రయాణించకుండా ఉంటే చాలు.

ఎంత మేర కనబడాలి అన్నదానికి బ్రిటన్‌లో పాటించే కొలతను పట్టుకున్నాను. డ్రైవరుకు 20 మీటర్ల వెనక, కారవాన్ పక్క నుంచి 4 మీటర్ల వెడల్పు మేర రోడ్డు కనబడాలి. వినడానికి పెద్ద దూరమే. కానీ డ్రైవరు వెనక మిగిలిన కారు పొడవు, కొక్కెం, కారవాన్ పొడవు అన్నీ తీసేస్తే కారవాన్ తోక వెనక మిగిలేది దాదాపు 10 మీటర్లే. ఆ మాత్రం కూడా కనబడకుండా బండి తీయడం సాహసం కాదు, మూర్ఖత్వం.

అద్దం ఎంత బయటికి రావాలో తేల్చడానికి దారం పట్టాం. కారవాన్‌లో అన్నిటికంటే వెడల్పైన చోట, అంటే మా దానికి కిటికీ అంచు దగ్గర, దారం ఆనించి మా బావమరిది పట్టుకున్నాడు. నేను రెండో కొసను గోడ వెంబడే తిన్నగా ముందుకు, కారు పక్క అద్దం దాకా లాగాను. కారు అద్దం బయటి అంచుకూ దారానికీ మధ్య కొద్దిపాటి ఖాళీ వచ్చింది. కొత్త అద్దం గాజు ఆ దారాన్ని దాటి బయటికి ఉండాలి. దాటకపోతే ఎంత ఖరీదైన అద్దం పెట్టినా అందులో కనిపించేది కారవాన్ గోడే. అలాగని అవసరానికి మించి సాగదీయకూడదు. కాడ పొడవు పెరిగేకొద్దీ వణుకు పెరుగుతుంది. ఈ దారం ఉపాయం పూర్తిగా నాదే. మా బావమరిది తనదంటాడు, పట్టించుకోకండి.

ఇక దుకాణం. బల్ల వెనక ఉన్న ఆయన కారు మోడలు, సంవత్సరం అడిగి కంప్యూటర్లో కొట్టి, “సరిపోతాయి సార్” అన్నాడు. కారు గుమ్మం ముందే ఉంది, ఒకసారి వచ్చి పక్క అద్దం చూడండి అన్నాను. “చూడక్కర్లేదు సార్, జాబితాలో ఉంది” అన్నాడు. కనీసం తల కూడా ఎత్తలేదు.

ఆ జాబితా తయారుచేసినవారు మా కారు అద్దాన్ని ఎన్నడూ చేత్తో తడిమి ఉండరు. దాని కవరు ముందువైపు ఉబ్బుగా మొదలై గాజు అంచు వైపు సన్నబడుతుంది, అడుగు భాగం ఏటవాలు. ముందు భాగంలో మలుపు దీపం పట్టీ, కింద కెమెరా కన్ను. కొన్న అద్దానికేమో పైన కదలని రబ్బరు పాదం ఒకటి, కింద ఒకే ఒక్క స్క్రూ. స్క్రూ తిప్పిన ప్రతిసారీ పట్టు బిగిసే బదులు రబ్బరు ఏటవాలు మీద వెంట్రుకవాసి జారేది. దగ్గరగా చూస్తే ఆ జారుడు కంటికే కనబడేది. నిలిపి ఉంచిన కారు మీద మాత్రం బుద్ధిగా నిలబడింది. రోడ్డెక్కాక ఒక లారీ పక్కనుంచి దాటగానే ఆ గాలికి అద్దం మెల్లగా పైకి తిరిగి నాకు ఆకాశం చూపించింది. మబ్బులు స్పష్టంగా ఉన్నాయి.

తిరిగి దుకాణానికి వెళ్లాను. “బిగించడం సరిగా లేదు సార్” అన్నాడాయన, నన్ను చూసి కాదు, నా వెనక వరుసలో ఉన్నవారిని చూసి. అంతటితో ఆగలేదు. లోపల సర్దుతున్న కుర్రాడిని పిలిచి, “సార్‌కు స్క్రూ ఎటు తిప్పాలో చూపించరా” అన్నాడు. వరుసలో ఎవరో నవ్వారు. ఈ వయసులో నలుగురి ముందు స్క్రూ తిప్పడం నేర్చుకోవడానికా నేను అక్కడికి వెళ్లింది? ముఖం మాడిపోయింది. కుర్రాడు మాత్రం మంచివాడు. బయటికి వచ్చి కవరు అడుగున చెయ్యి పెట్టి చూసి, గొంతు తగ్గించి, “ఈ ఏటవాలు మీద ఇది నిలవదండి. రెండు పట్లు విడివిడిగా ఉండి, వాటి పాదాలు అటూ ఇటూ తిరిగే రకం కావాలి. మేము తెప్పించం” అన్నాడు.

అంతలో పెద్దాయనే వచ్చాడు. కుర్రాడిని పక్కకు నెట్టి, పళ్లు బిగబట్టి తానే బిగించాడు. అద్దం మీద చిన్నగా తట్టి, “చూశారా, కదులుతుందేమో?” అని మళ్లీ ఆ వరుసలోనివారి వంక తిరిగాడు. నేనేమీ అనలేదు. కారు తలుపు తెరిచి మూశాను. అద్దం ఆయనకు వంగి నమస్కారం పెట్టినట్టుగా నెమ్మదిగా కిందికి వాలిపోయింది. ఈసారి నవ్విన గొంతు ఒకటి కాదు.

అయినా డబ్బు తిరిగి ఇవ్వలేదు. పెట్టె విప్పారు కాబట్టి కుదరదట. విప్పకుండా బిగించి చూసే విద్య ఆయనకేమైనా తెలుసేమో నాకు తెలియదు. అంతే విలువకు ఆ దుకాణంలోనే ఏదైనా కొనుక్కోమని చీటీ ఒకటి రాసిచ్చాడు. అది ఇంకా నా దగ్గరే ఉంది, ఆ మెట్లు మళ్లీ ఎక్కే ఉద్దేశం లేదు. మీరు మాత్రం డబ్బు కట్టే ముందే ‘సరిపోకపోతే సొమ్ము వాపసు’ అన్న మాట రసీదు మీద రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి.

రెండో చోట అమ్మే ఆవిడ అడగకుండానే బయటికి వచ్చి పక్క అద్దం చుట్టూ వేలు పోనిచ్చి చూసింది. మలుపు దీపం, కెమెరా తప్పించి రెండు పట్లు ఎక్కడెక్కడ ఆనాలో చూపించింది. కుర్రాడు చెప్పిన రకమే. పాదాలు ఏటవాలుకు తగ్గట్టు వాటంతట అవే సర్దుకుంటాయి, ఒక్కో పట్టును విడిగా బిగించుకోవచ్చు. గుండ్రటి గీతలో ఇంగ్లిషు ‘E’ అక్షరం, పక్కన అంకె ఉన్న ముద్రను కూడా అద్దం మీదే చూపించింది. అది వాహనాల అద్దాలకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 46వ నిబంధన ప్రకారం పరీక్షించి ఆమోదించినట్టు గుర్తు. అంకె ఏ దేశం ఆమోదించిందో చెబుతుంది: 1 అయితే జర్మనీ, 11 అయితే బ్రిటన్. మొదటి జతకు ఆ ముద్ర అట్టపెట్టె మీద మాత్రమే ఉంది. రోడ్డు మీదికి మనతో వచ్చేది అట్టపెట్టె కాదు కదా.

గాజు విషయంలో తలో మాట చెబుతారు. సమతలంగా ఉన్న గాజులో దూరం ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది, కానీ కనిపించే మేర తక్కువ, వణుకు కూడా ఎక్కువగా తెలుస్తుంది. ఉబ్బెత్తు గాజులో చాలా మేర కనిపిస్తుంది, కానీ వెనక బండి చిన్నదిగా, అసలు కంటే దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. డ్రైవరు వైపు సమతలం, అవతలి వైపు ఉబ్బెత్తు తీసుకున్నాను. అవతలి అద్దం కంటికి దూరం కాబట్టి అందులో కనిపించే మేర అసలే తక్కువ, ఆ లోటును ఉబ్బు తీరుస్తుంది.

సర్దుబాటుకు ఇంకో మనిషి తప్పనిసరి. 20 మీటర్ల దగ్గర సుద్దతో గీత గీసి మా బావమరిది నిలబడ్డాడు.

“బావా, కనబడుతున్నానా?”

“తల లేదు, కాళ్లున్నాయి.”

“అయితే అద్దం కాస్త పైకి ఎత్తించు!”

నేను రోజూ నడిపేటప్పుడు కూర్చునే తీరులోనే కూర్చుని, గాజు లోపలి అంచున కారవాన్ గోడ సన్నటి పట్టీలా మిగిలేదాకా తిప్పించాను. అవతలి అద్దం సీట్లోంచి అందదు కాబట్టి దాన్ని మా ఆవిడ తిప్పింది. బావమరిది గీత మీద 4 మీటర్లు అడ్డంగా నడిచి వెళ్లినా రెండు వైపులా కనబడుతూనే ఉన్నాడు.

బిగించే ముందు కవరు మీది దుమ్ము తడిగుడ్డతో తుడవండి, లేకపోతే రబ్బరు కింద ఇసుక రేణువులు రంగును గీరేస్తాయి. కొంత దూరం వెళ్లాక ఆగి మళ్లీ బిగించాలి, రబ్బరు అణిగి పట్టు వదులవుతుంది. అద్దాలు తగిలించి ఉండగా కారు అద్దాలను ముడిచే మీట జోలికి వెళ్లకండి. కారవాన్ విప్పిన వెంటనే అద్దాలు కూడా తీసేయాలి, ఉత్త కారుకు అవి పక్కవారికి తగిలే మోచేతులు. మేము పాత దుప్పటి ముక్కలో చుట్టి కారవాన్‌లోనే ఉంచుతున్నాం. ఇంట్లో పెడితే బయలుదేరే రోజున అవి ఇంట్లో, మనం రోడ్డు మీద.