నీళ్లున్నాయి, తూమే పూడింది

తెల్లవారుజామున హనుమకొండలో గాలివాన. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైందని తెలిసీ మార్చలేదు. ఇంటి ఫోటోలు, వీడియోలు దాచుకునే సర్వర్, మెట్ల కింద పెట్టింది, చప్పున ఆగిపోయింది. కరెంటు నిలబడ్డాక ఆన్ చేస్తే నాలుగు డిస్కులూ గుర్రుమని తిరిగాయి గానీ, తెర మీద మాత్రం బూట్ చేయడానికి ఏ పరికరమూ దొరకలేదన్న ఒక్క వరుస.

దొరకనిది బొటనవేలంత పెన్‌డ్రైవ్. పాత మదర్‌బోర్డుకు డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగే. నాలుగూ డిస్కులకిచ్చేసి, సర్వర్‌ను నడిపే ట్రూనాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. గొప్ప తెలివి చూపాననుకున్నాను కూడా. ఫ్రీనాస్ అన్న పాత పేరుతో ఉన్న రోజుల్లో చాలామంది అలాగే చేసేవారు. అప్పట్లో సిస్టమ్ పెన్‌డ్రైవ్ నుంచి చదువుకోవడమే తప్ప దాని మీద పెద్దగా రాసేది కాదు. 2014 చివర్లో వచ్చిన 9.3 వెర్షన్‌తో, డిస్కుల మీద ఫైళ్లను అమర్చే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెన్‌డ్రైవ్ మీదికీ వచ్చింది, రాతలు పెరిగాయి. చవకరకం ఫ్లాష్ ఆ రాతలకే అరిగిపోతుంది. అందుకే పెన్‌డ్రైవ్ కన్నా గట్టిదైన చిన్న ఎస్ఎస్‌డీ డిస్కు పెట్టుకోమని ట్రూనాస్ వాళ్లే చెబుతారు. చదివాను. చదివి కూడా పెన్‌డ్రైవే పెట్టాను.

"ఏమైంది బిడ్డా, మేడారం ఫోటోలు పోయాయా?" వంటింట్లోంచి అమ్మ. 2016 జాతరలో నాన్న బెల్లం తూకానికి కూర్చున్న ఫోటో ఆమెకు ప్రాణం.

"లేదమ్మా. నీళ్లు చెరువులోనే ఉన్నాయి, తూము పూడింది." డిస్కుల గుంపును పూల్ అంటారు కదా అని దానికి 'చెరువు' అని పేరు పెట్టుకున్నవాణ్ణి.

"అయితే పూడిక తియ్యి," అంది అమ్మ, అదేదో పారతో అయ్యే పనిలాగా.

సెట్టింగుల ఫైలుకు బ్యాకప్ ఉంది. ఎక్కడ? ఆ చెరువులోనే. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేశాను.

చౌరస్తాకు వెళ్లి చిన్న ఎస్ఎస్‌డీ, దానికో యూఎస్‌బీ కేసు తెచ్చాను. ట్రూనాస్ ఇన్‌స్టాలర్ కోసం సొరుగులో దొరికిన పెన్‌డ్రైవ్‌ను తుడిచేశాను. అందులో ఎవరిదో పెళ్లి వీడియో ఉంది. దాని కాపీ చెరువులో ఉంది. ఉండాలి.

కొత్త సిస్టమ్ లేచాక పూల్‌ను ఇంపోర్ట్ చేయమంటే జాబితాలో 'చెరువు' కనిపించింది! జెడ్ఎఫ్ఎస్ తన పూల్ వివరాలను ప్రతి డిస్కు మీదా నాలుగు చోట్ల, మొదట్లో రెండు, చివర రెండు, రాసి ఉంచుతుంది. పోయిన పెన్‌డ్రైవ్ ఊసే అక్కర్లేదు. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం గుర్తొచ్చింది. గుడి వివరం గుడి దగ్గరే, రాతి మీద. తాత్కాలికంగా ఒక షేరు (నెట్‌వర్క్‌లో అందే ఫోల్డరు) తెరిచి సెట్టింగుల ఫైలు బయటికి తీసి అప్‌లోడ్ చేశాను. సర్వర్ తనంతట తానే రీబూట్ అయింది. యూజర్లు, షేర్లు ఎక్కడివక్కడే. పెళ్లి వీడియో కూడా ఉంది, ఇప్పటికీ ఎవరిదో తెలియదు.

సాయంత్రం టీవీలో నాన్న తూకానికి కూర్చున్నాడు. అమ్మ రెండుసార్లు చూసింది.

రాత్రి మెయిల్ తెరిస్తే, బూట్ పూల్‌లో, అంటే ఆ పాత పెన్‌డ్రైవ్‌లో, లోపాలు వస్తున్నాయని పన్నెండు రోజుల కిందటే సర్వర్ పంపిన హెచ్చరిక, రెండు ప్రకటనల మధ్య, చదవకుండా పడి ఉంది. సెట్టింగుల ఫైలును ఆ మెయిల్‌కే పంపుకున్నాను. యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఇంకా కొనలేదు.