పౌర్ణమికి డిన్నర్, అష్టమికి లంచ్

మా వంటింటి గోడకి ఒకే మేకుకి రెండు వేలాడుతుంటాయి. ఒకటి మా అత్తగారు ఏటా పంపించే తెలుగు క్యాలెండరు. రెండోది మా దగ్గరి ఫాల్‌మౌత్ రేవులో ఏ రోజు ఎన్నింటికి పోటు (సముద్రపు నీళ్ళు ఎక్కడం), ఎన్నింటికి పాటు (దిగిపోవడం) అని చెప్పే చిన్న పుస్తకం. అది పక్కింటి పెద్దాయన ఇచ్చారు. ఈ రెండూ చెప్పేది ఒకే విషయమని నిరుడు వేసవిదాకా నాకు తట్టలేదు. తట్టేసరికి మా పడవ బురదలో కూర్చుని ఉంది.

మేముండేది ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, మైలర్ బ్రిడ్జ్ అనే ఊళ్ళో. మా ఆవిడ నర్సు. నాది ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ పని. మోకాళ్ళు సహకరించడం లేదని పెద్దాయన తన పడవని మాకు చవగ్గా ఇచ్చేశారు. 15 అడుగుల ఫైబర్ పడవ, వెనక ఆరు హార్స్‌పవర్ ఇంజను. కొన్న దగ్గర్నుంచీ ఎవరు కనిపించినా అడిగేది ఒక్కటే: "పండోరాకి వెళ్ళొచ్చారా?"

పండోరా ఇన్ రెస్ట్రోంగెట్ క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పాత పబ్. గడ్డి కప్పు ఇల్లు. 2011లో కప్పు అంటుకుని పైభాగమంతా కాలిపోతే మళ్ళీ గడ్డితోనే కప్పారు. దాని ముందు నీళ్ళలోకి పొడుగ్గా ఒక పాంటూన్, అంటే పడవలు కట్టుకునే తేలే వేదిక, ఉంటుంది. ఎండ కాసిన రోజున జనం దానిమీదే కూర్చుని తింటారు. పిల్లలు బోర్లా పడుకుని, దారానికి బేకన్ ముక్క కట్టి పీతలు పడుతుంటారు. పబ్ అనగానే ఊళ్ళో మా అమ్మ అదోలా చూస్తుంది గానీ, ఇక్కడ పిల్లాజెల్లా వచ్చి భోంచేసే చోటది. పడవ నడిపేవాడికి ఎలాగూ నిమ్మరసమే గతి.

ఇక ఆ పేరు. బౌంటీ ఓడలో తిరగబడ్డ నావికుల్ని పట్టుకురమ్మని బ్రిటిష్ నౌకాదళం పంపిన ఓడ పండోరా. అది 1791లో ఆస్ట్రేలియా పక్కన పగడపు దిబ్బకి కొట్టుకుని మునిగిపోయింది. "మునిగిన ఓడ పేరు పెట్టుకున్న చోటికి పడవలోనే వెళ్ళాలా?" అంది మా ఆవిడ. మైలర్ హార్బర్ నుంచి మైలు పైచిలుకు దూరం, అరగంటలో చేరిపోతామని నచ్చజెప్పాను. పైగా నేను నర్సాపురం వాణ్ణి. నాన్న రోజూ పంటు మీద వసిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి బడికి వెళ్ళేవారు. పోటూపాటూ నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

చెప్పాలనే తేలింది. మా రేవులో నీళ్ళు ఎంత ఎక్కినా దిగినా మనిషి నడుము లోతు తేడా, అంతే. ఫాల్‌మౌత్‌లో పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 4.7 మీటర్ల దాకా ఉంటుంది. అంటే ఇంటికి ఒకటిన్నర అంతస్తు. పొద్దున మీరు పడవ కట్టిన చోట సాయంత్రానికి కొంగలు నడుస్తుంటాయి.

పెద్దాయన నాకు రెండు ఆదివారాలు ట్రైనింగ్ ఇచ్చారు. మొదటి రోజు నేను పాంటూన్‌కి తాడు కట్టి, నీళ్ళు దిగుతాయి కదా అని రెండు బారలు వదులు ఉంచాను. ఆయన నవ్వారు. రాతి గోడకి కడితే వదులు ఉంచాలి. గోడ కదలదు, పడవ దిగుతుంది, వదులు లేకపోతే పడవ తాళ్ళకి వేలాడుతుంది. పాంటూన్ అలా కాదు, అదీ పడవతోపాటే లేస్తుంది, దిగుతుంది. అందుకని పొట్టిగా, బిగుతుగా కట్టాలి. వదులు ఉంచితే అటుగా వెళ్ళే ప్రతి పడవ అలకీ మనది ముందుకీ వెనక్కీ ఊగి పక్కవాడి పడవని గుద్దుతుంది. ముందు ఒక తాడు, వెనక ఒక తాడు, ఆ పైన ఊగకుండా ఏటవాలుగా ఇంకో రెండు. క్లీట్‌కి (తాడు చుట్టడానికి ఉండే రెండు కొమ్ముల కొక్కేనికి) అడుగున ఒక చుట్టు, పైన ఎనిమిది అంకె ఆకారంలో రెండు చుట్లు, చివర ఒక మెలిక. మొత్తం ఇంతే. నేను భయంకొద్దీ చుట్టిన ఏడెనిమిది చుట్లు చూసి, "రాత్రి చీకట్లో ఇవి విప్పేది నువ్వేనా?" అని అడిగారు.

దగ్గరికి తీసుకురావడమే అసలు కష్టం. పడవకి బ్రేకులుండవు. నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, వాటికి ఎదురుగా రావాలి. అప్పుడు ఆ ప్రవాహమే మనకి బ్రేకు. ప్రవాహంతోపాటే వస్తే మాత్రం ఇంజను ఆపినా పాంటూన్ మన పక్కనుంచి జారిపోతూనే ఉంటుంది, మనం తాడు పట్టుకుని బిక్కమొహం వేస్తాం. ఇంకో మాట ఆయన పదిసార్లు చెప్పారు: పాంటూన్ మీదికి దూకకు, అడుగు వెయ్యి. అడుగు అందకపోతే పడవ ఇంకా చేరలేదని అర్థం, ఇంకో చుట్టు తిరిగి రా. ఎవరూ నవ్వరు. (నవ్వుతారు. భోజనం చేసేవాళ్ళకి అంతకంటే కాలక్షేపం ఏముంటుంది?)

నీళ్ళ లెక్క ఇంకా బాగుంటుంది. పోటు దిగడానికి సుమారు ఆరు గంటలు. దిగే నీటిని 12 భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత మళ్ళీ రెండు, ఒకటి. అంటే మొదటి గంటంతా ఏమీ జరగనట్టే ఉంటుంది. పెద్ద పోటు రోజున మూడో గంటలో మాత్రం నిమిషానికి దాదాపు రెండు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. ఇక్కడ పాటు సమయానికి క్రీక్ చాలా భాగం ఎండిపోతుంది కాబట్టి, పోటుకి ముందు రెండున్నర గంటలు, తర్వాత రెండున్నర గంటలు అని మాకో హద్దు పెట్టుకున్నాం.

చివరగా ఒక హెచ్చరిక. ఆ పుస్తకంలో వేళలు గ్రీనిచ్ టైములో ఉంటాయి. వేసవిలో ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి చూసిన వేళకి గంట కలుపుకోవాలి. ఇది నా బుర్రలో గట్టిగా నాటుకుపోయింది. అదే కొంప ముంచింది.

జూన్‌లో ఒక శనివారం. పుస్తకం తియ్యడానికి బద్ధకించి ఫోన్‌లో యాప్ చూశాను. పోటు సాయంత్రం 6.30కి అని ఉంది. గంట కలిపాను, 7.30. యాప్ ఆ గంటని ముందే కలిపి చూపిస్తుందన్న ఆలోచనే రాలేదు. సిగ్గుపడే సంగతి ఏమిటంటే, టైమ్‌జోన్ల లెక్కలు చూసుకోవడం నా ఉద్యోగంలో భాగం.

వెళ్ళడం దివ్యంగా జరిగింది. ఎదురు ప్రవాహం, ఒక్కసారికే అడుగు అందింది. బయటివైపు పెద్ద పడవలు ఉండటంతో మేం లోపలివైపు, ఒడ్డుకి దగ్గరగా కట్టాం. పీత మాంసం పెట్టిన శాండ్‌విచ్, చిప్స్. ఎండ పోనంటోంది. తొమ్మిది దాటాక మా ఆవిడ, "ఏమండీ, ఆ నిచ్చెన వంతెన ఇందాక ఇంత ఏటవాలుగా ఉందా?" అంది. ఒడ్డు నుంచి పాంటూన్‌కి దిగే వంతెన అది. నీళ్ళు దిగేకొద్దీ నిట్రంగా అవుతుంది. "ఇంకా టైముంది" అన్నాను. చుట్టూ మా సైజు పడవ ఒక్కటీ లేదన్నది అప్పుడైనా గమనించాల్సింది.

9.35కి తాళ్ళు విప్పాను. పడవ కదల్లేదు. ఇంజను వేస్తే ఫ్యాన్ కింద నీళ్ళు చిక్కటి కాఫీ డికాషన్ రంగులోకి మారాయి. ఇంజను నడుస్తున్నంతసేపూ పక్కనున్న చిన్న రంధ్రంలోంచి సన్నటి ధార పడుతుండాలి, లోపల చల్లబరిచే నీళ్ళవి. అది రెండు చుక్కలు రాల్చి ఆగిపోయింది. బురద పీల్చేసింది. వెంటనే ఆపేసి ఇంజనుని పైకెత్తాను. కిందికి దిగి నెడదామని కాలు బయట పెట్టబోతే మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది. బురదలో దిగొద్దని పెద్దాయన ఆమెకీ చెప్పారట. పది నిమిషాల్లో పడవ ఒక పక్కకి కొంచెం ఒరిగి, తాపీగా కూర్చుంది.

ప్రాణాపాయం ఏమీ లేదు కాబట్టి కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చేసే పని కాదిది. తాళ్ళు మళ్ళీ కట్టి, లోపల చెప్పి, లైఫ్ జాకెట్లు భుజాన వేసుకుని ఇంటికి నడిచాం. దారంతా మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "పంటు రేవులో పుట్టానని కోతలు కోశారుగా" అని, మంగళసూత్రానికి ఉన్న పిన్నీసు తీసి చేతిలో పెట్టింది. "ఆ రంధ్రం పొడుచుకోవడానికి పనికొస్తుంది."

తెల్లారి ఐదున్నరకి మళ్ళీ అక్కడున్నాను. పడవ తేలుతోంది, ఏమీ ఎరగనట్టు. పిన్నీసుతో పొడిస్తే వానపాములాంటి బురద పేడు ఒకటి బయటికొచ్చింది. ఇంజను వేశాను. ధార పడింది. ఆ ధార చూసినంత ఆనందం నాకు ఈమధ్య జీతం పడ్డప్పుడు కూడా కలగలేదు.

మైలర్ చేరాక నాన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అక్కడ పది దాటింది. ఆయన అంతా విని, "మొన్న పౌర్ణమి కదరా. పాడ్యమి నాడు పాటు గట్టిగా లాగుతుందని పంటు నడిపేవాణ్ణి అడిగినా చెప్తాడు" అన్నారు.

ఇంటికి రాగానే రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పౌర్ణమి గానీ అమావాస్య గానీ వచ్చిన రోజూ, ఆ తర్వాతి రెండు రోజులూ ఫాల్‌మౌత్‌లో పోటు వేసవి గడియారం ప్రకారం సాయంత్రం ఆరుకీ ఏడున్నరకీ మధ్య వస్తోంది. ఏ నెల చూసినా ఇదే వరస. మధ్యాహ్నానికి క్రీక్ ఎండిపోయి ఉంటుంది. అష్టమి దాటిన రోజుల్లో పోటు పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో. తేడా కూడా 2.3 మీటర్లే, అంటే నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి. సంగతేమిటంటే పౌర్ణమికి డిన్నర్, అష్టమికి లంచ్. ఇది ఈ రేవు లెక్క. పోర్ట్స్‌మౌత్‌లో ఉన్న స్నేహితుడికి గొప్పగా చెబితే వాడు తన పట్టిక తీసి చూశాడు. వాళ్ళకి పౌర్ణమి పోటు మిట్టమధ్యాహ్నం వస్తుంది, అంతా తలకిందులు. రోజు ఎంచుకోవడానికి తిథి, గంట చూసుకోవడానికి పుస్తకం. యాప్ తీసేశాను.

జూలైలో ఒక నవమి నాడు మళ్ళీ వెళ్ళాం. పాంటూన్ నిండిపోయి ఉంది. ఒక పెద్ద పడవాయన్ని "మీ పక్కన కట్టుకోవచ్చా?" అని అడిగాను, రమ్మన్నాడు. అలా కట్టినప్పుడు అవతలివాళ్ళు కూర్చునే చోటు తొక్కకుండా పడవ ముందు భాగం మీంచి నడిచి దాటాలి. తాళ్ళు ఆయన పడవకి కట్టి ఊరుకోకుండా, మనవి ఇంకో రెండు పాంటూన్ దాకా వెయ్యాలి. రెండూ చేశాను. ఒంటిగంటకి పోటు. మూడు కాకముందే మా ఆవిడ లేచి నిలబడి లైఫ్ జాకెట్ తొడుక్కుంటోంది.

"ఇంకా అరగంట ఉంది" అన్నాను.

"ఎవరి లెక్కలో?" అంది.

చిప్స్ సగం ప్లేట్లోనే వదిలేసి బయల్దేరాం.