జు వెన్ కథలోని తండ్రి, సినిమాలోని తండ్రి

ఆదివారం.

మధ్యాహ్నం ఇంటిపని ముగిశాక చైనా రచయిత జు వెన్ కథ ‘ఐ లవ్ డాలర్స్’ను జూలియా లవెల్ ఆంగ్లానువాదంలో మరోసారి చదివాను, రాత్రి భోజనం తరువాత ఆయనే దర్శకత్వం వహించిన ‘సౌత్ ఆఫ్ ది క్లౌడ్స్’ చూశాను. రెండూ ఒకే రోజున ఎదురుపడడం వల్ల కాబోలు, ఆయన కథలు వదిలి సినిమాల వైపు వెళ్ళడం నాకు ఇవాళ మరో విధంగా అర్థమయింది.

1967లో ఫుజియాన్ ప్రాంతంలో పుట్టిన జు వెన్, నాన్‌జింగ్‌లో ఇంజనీరింగు చదివి, థర్మల్ విద్యుత్ కేంద్రంలో కొన్నేళ్ళు పనిచేసి, 1994లో ఆ ఉద్యోగం మానుకొని రచననే వృత్తిగా చేసుకున్నారు. జంకు ఎరుగని మనిషి. 1998లో తోటి రచయిత హాన్ దొంగ్ తదితరులతో కలిసి యువ రచయితలకు ఒక ప్రశ్నావళి పంపి, రచయితల సంఘం గురించీ సాహిత్య పురస్కారాల గురించీ చివరికి ఆధునిక చైనా సాహిత్యానికి ఆద్యుడనిపించుకున్న లూ షున్ అంతటివాడి గురించీ వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పిన జవాబులను అచ్చు వేయించినప్పుడు సాహిత్య లోకంలో పెద్ద దుమారమే రేగింది. అప్పటికే ఆయన ఇతర దర్శకులకు స్క్రీన్‌ప్లేలు రాస్తున్నారు. 2001లో తొలి చిత్రం ‘సీఫుడ్’ను సముద్రతీర విహార పట్టణమైన బెయ్‌దాయ్‌హలో, చలికాలంలో, డిజిటల్ వీడియో మీద తీశారు.

‘ఐ లవ్ డాలర్స్’లో కొడుకు రచయిత. తనను చూడవచ్చిన తండ్రికి ఎలాగైనా ఒక ఆడతోడు కుదర్చాలని నగరమంతా తిప్పుతాడు. నీ రాతల్లో మనిషికి ఆశ కలిగించేది ఏదీ లేదేమని తండ్రి మందలిస్తే లక్ష్యపెట్టడు. ఊపిరి సలపనివ్వని ఆ కొడుకు గొంతుకే కథంతా చెబుతుంది కనుక, తండ్రి లోపల ఏముందో మనకు అందదు. పదేళ్ళ తరువాత, 2004లో వచ్చిన ‘సౌత్ ఆఫ్ ది క్లౌడ్స్’ సినిమాలో నడిమి స్థానం అటువంటి తండ్రిదే. యవ్వనంలో నైరుతి చైనాలోని యునాన్ వెళ్ళే అవకాశం వచ్చినా, ప్రియురాలు గర్భవతి కావడంతో పెళ్ళి చేసుకొని ఉత్తరాది పారిశ్రామిక నగరంలోనే ఉండిపోయిన షూ దాచిన్, పదవీ విరమణ చేశాక, భార్య కూడా పోయాక, ఒంటరిగా అక్కడికి ప్రయాణమవుతాడు. తీరా వెళితే హోటల్లో ఒక స్త్రీ పన్నిన ఉచ్చులో పడి, వ్యభిచారం కేసులో పోలీసులకు దొరుకుతాడు. కథలో కొడుకు తండ్రికి వేడుకగా ఇవ్వజూసినదే ఇక్కడ ఈ తండ్రి నెత్తిన నేరమై పడింది.

ఆ పాత్రలో లీ షుయెజియాన్ నటన చూస్తుంటే, జు వెన్‌కు కెమెరా ఎందుకు అవసరమైందో నాకు స్పష్టంగా తెలిసింది: కొడుకు మాట ఆగితే తప్ప తండ్రి ముఖం కనిపించదు. పోలీసు అధికారిగా మరో చైనా దర్శకుడు టియన్ జువాంగ్‌జువాంగ్ నటించడం కూడా నన్ను ఎంతో ఆకట్టుకుంది.

అయినా ఆ కథల్లోని దురుసు గొంతుక సినిమాల్లో లేనందుకు నాకు నిజంగానే బాధగా ఉంది. అంత సూటిగా డబ్బు గురించి, సిగ్గు గురించి మాట్లాడగలిగిన రచయితలు ఏ భాషలోనైనా అరుదు. రేపు రాత్రి తీరిక దొరికితే ‘ఐ లవ్ డాలర్స్’ ఉన్న ఆ అనువాద సంపుటిలోని మిగతా కథలు చదవాలి.