కేబుల్ జాయింటర్‌గా గల్ఫ్‌కి వచ్చే మన పిల్లలకి

చిత్తూరు, పీలేరు వైపు నుంచి ఐటీఐ చదివి కువైట్‌కి వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంటి వైరింగు, ప్యానెల్ పని బాగానే చేస్తారు. 11 కేవీ (11 వేల వోల్టుల) కేబుళ్లని అతికించే జాయింటింగ్ గ్యాంగులో వేస్తే మాత్రం మొదట్లో తడబడతారు. అక్కడ రాగిని కలపడం చాలా చిన్న పని. రాత్రంతా పట్టేది దాని చుట్టూ ఉండే తెల్లటి ప్లాస్టిక్‌తోనే. దాన్ని ఎక్స్‌ఎల్‌పీఈ అంటారు. పాలిథీన్‌నే అణువులు ఒకదానికొకటి ముడిపడేలా మార్చి తయారు చేస్తారు.

మా అక్క కొడుకు చిత్తూరులో ఐటీఐ పూర్తి చేస్తున్నాడు. పోయిన సెలవుల్లో వాడు నన్నొక మాట అడిగాడు. "మామా, ఇంటి వైరు మీద ఉండే పీవీసీనే ఇంకొంచెం మందంగా వేస్తే సరిపోదా?" మంచి ప్రశ్న. చాలామంది సీనియర్లకి కూడా దీనికి జవాబు తెలియదు.

కేబుల్‌లో లోపల కండక్టర్, బయట స్క్రీన్ (ఎర్త్‌కి కలిపే పొర), మధ్యలో ఇన్సులేషన్. అంటే కేబుల్ మొత్తం చార్జి దాచుకునే ఒక పొడుగాటి కెపాసిటర్. మధ్యలో ఏమీ లేనప్పటి కంటే ఆ పదార్థం ఉన్నప్పుడు ఎన్ని రెట్లు ఎక్కువ చార్జి పడుతుందో చెప్పే అంకే డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్. 1837లో ఫారడే గాజు, లక్క, గంధకాలతో దీన్ని కొలిచి చూశాడు. గాలికి దాదాపు 1, టెఫ్లాన్‌కి 2.1, పాలిథీన్‌కి 2.3, నీళ్లకి 80 దాకా ఉంటుంది. పీవీసీకి రకాన్ని బట్టి 3 నుంచి 8. అంకె పెరిగితే కేబుల్ ఊరికే తాగే కరెంటు పెరుగుతుంది. పైగా పీవీసీ అందులో కొంత వేడిగా పోగొడుతుంది, అది మామూలుగా 70 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. ఎక్స్‌ఎల్‌పీఈ 90 డిగ్రీల్లో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అందుకే 33 కేవీకి పీవీసీ ఎంత మందంగా వేసినా ప్రయోజనం లేదు. ఇంగ్లండ్‌లో 1933లో పాలిథీన్ దొరికాక, రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ కేబుళ్లకి వాడింది కూడా వేడిగా పోయే నష్టం తక్కువనే.

మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి తీసేశాక కేబుల్‌ని ఎర్త్ చేయకుండా ముట్టుకోకండి. సప్లై లేకపోయినా చార్జి లోపలే ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఒక సైట్‌లో కొత్తగా వేసిన జాయింట్ కొన్ని నెలలకే పేలింది. కోసి చూస్తే, ఇన్సులేషన్‌ని అంటుకుని ఉండే, కార్బన్ కలిపిన నల్లటి సెమీకాన్ పొర ఒలిచేటప్పుడు బ్లేడు లోతుకి దిగి తెల్లటి ఇన్సులేషన్ మీద సన్నటి గాటు పడింది. కంటికి ఆనదు. ఆ గాటులో మిగిలింది గాలి. గాలి అంకె 1, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంకె 2.3. అంకె తక్కువ ఉన్న చోటే వోల్టేజీ ఒత్తిడి ఎక్కువ పడుతుంది, ప్లాస్టిక్‌లో కంటే గాలిలో 2.3 రెట్లు దాకా. ఆ గాలేమో మిల్లీమీటరుకి 3 కేవీ దగ్గరే ఓడిపోతుంది. ఎక్స్‌ఎల్‌పీఈ అంతకి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. అంటే బరువంతా బలహీనుడి మీదే పడుతోంది. గాటులో చిన్న చిన్న స్పార్కులు పుడతాయి. చెరువు కట్టకి ఎండ్రకాయ బొక్క పెట్టినట్టు లోపల్లోపలే తినేసి ఒకరోజు తెగ్గొడతాయి. సిలికాన్ గ్రీజు పూసి ఆ సందులు నింపమనేది ఇందుకే. స్క్రీన్ ఆగిపోయిన అంచు దగ్గర వేసే నల్లటి ట్యూబుకి కావాలనే అంకె చాలా ఎక్కువ పెడతారు. అంచు దగ్గర గుమిగూడే ఒత్తిడిని అది పొడవునా పరుస్తుంది. దాన్ని ఒక్క సెంటీమీటరు పక్కకి వేసినా ఫలితం ఉండదు. కొలత కాగితం చూడకుండా "అనుభవం ఉందిలే" అనే వాళ్లంటే నాకు కోపం.

తుడిచేటప్పుడు కూడా తెల్లటి వైపు నుంచి నల్లటి వైపుకే తుడవాలి. అటు నుంచి ఇటు తుడిస్తే కార్బన్ పొడి ఇన్సులేషన్ మీదకి వచ్చి కరెంటుకి దారి వేస్తుంది.

కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట పని నిషేధం. అందుకని చాలా జాయింట్లు రాత్రిపూటే కడతాం. సముద్రపు తేమ గాలి తిరిగితే గుంటలో టెంట్ కింద కూడా చేతులు తడుస్తాయి. చెమట చుక్క ఇన్సులేషన్ మీద పడకూడదు. తేమ, కరెంటు ఒత్తిడి రెండూ కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఎక్స్‌ఎల్‌పీఈ లోపల చెట్టు కొమ్మల్లా చీలికలు పాకుతాయి. వాటిని వాటర్ ట్రీ అంటారు. ఫోర్‌మన్ తొందరపెడితే "అన్నా, తేమ తగ్గనీ" అని నిలబడి చెప్పే ధైర్యం ఉండాలి.

దీన్ని నేర్చుకోవడానికి కువైట్ దాకా రానక్కర్లేదు. మన వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లున్నాయి. సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగ్ తీగ నీళ్లలోనే ఉంటుంది, దాన్ని కాపాడేది పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టలే. కేబుల్ జాయింట్‌లోకి నీళ్లు దిగితే పైపులన్నీ పైకి లాగాల్సిందే. ఆ ఖర్చు ఎంతో రైతుని అడగండి. మా వాడిని చిత్తూరులో తెలిసిన రీవైండింగ్ షాపులో సాయంత్రాలు కూర్చోబెట్టాను. కాలిపోయిన కాయిల్ విప్పి, ఇన్సులేషన్ మొదట ఎక్కడ పోయిందో వెతకమన్నాను. పాత కేబుల్ ముక్కలు తెచ్చి, గాటు పడకుండా ఒలవడం కూడా వాడే నేర్చుకుంటున్నాడు.