ఇంటి పన్ను రసీదు

చీరాల, ఏప్రిల్ 28, రాత్రి

ఈ నెలాఖరులోగా ఏడాది మొత్తానికి ఇంటి పన్ను ఒకేసారి కట్టేస్తే నూటికి 5 రూపాయలు తగ్గిస్తారు. ఆ తగ్గింపు మీద అత్తయ్యకు ఉన్న పట్టింపు నాకు లేదు. పది రోజులుగా ఆవిడ గుర్తు చేస్తూనే ఉన్నారు. ఆవకాయకు కాయలు కొట్టించుకుని రావలసిన పని కూడా ఉండటంతో, రెండూ కలిసొస్తాయని పొద్దున్నే సంచీ పట్టుకుని బయలుదేరాను. తొమ్మిదింటికే ఒళ్లంతా జిడ్డు. మా ఊళ్లో ఎండ కన్నా ఉక్కే మనిషిని చంపుతుంది. సముద్రం పక్కనే ఉన్నదన్న సంగతి, ఓడరేవు గాలి తిరిగే సాయంత్రం దాకా గుర్తుకు రాదు.

వార్డు సచివాలయంలో నా ముందు ముగ్గురే ఉన్నారు. పని చకచకా సాగింది. నాకు ముందున్న పెద్దాయన తన రసీదు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "అమ్మాయీ, ఇది చూపిస్తే మా వాడి పేరు ఓటర్ల జాబితాలో ఎక్కిస్తారా?" అని అడిగారు. ఆ అమ్మాయి నవ్వి, "ఇది ఇంటి పన్నుకు తాతగారూ, ఓటుకు వేరే ఫారం నింపాలి" అంది. వెనక ఉన్నవాళ్లూ నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. కొన్నాళ్లుగా నా తల నిండా 1920 నాటి మద్రాసు శాసనమండలి ఎన్నికలే. నూరేళ్ల కిందటి ఫలితాలు ఇప్పుడు నీకెందుకని మా ఇంట్లో అడగని వాళ్లు లేరు. కానీ ఆ పెద్దాయన అడిగినది ఆ రోజుల్లో నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. భూమి శిస్తో, మునిసిపల్ పన్నో, ఆదాయపు పన్నో ఒక హద్దు దాటి కట్టేవారికే అప్పుడు ఓటు. రసీదే ఓటు హక్కు అన్నమాట. (కొడుకు గురించి అడిగారు కనుక సరిపోయింది. కోడలి గురించి అడిగి ఉంటే, అప్పటికి ఆడవాళ్లకు ఓటే లేదు.)

కాయలు కొట్టే చోట నా వంతు వచ్చేదాకా నీడకు నిలబడి అవే లెక్కలు మళ్లీ నెమరు వేసుకున్నాను. రాష్ట్రమంతటా జనం నాలుగు కోట్ల పైచిలుకు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం నుంచి మలబారు దాకా అంతా ఒకే రాష్ట్రం. అందులో ఓటర్లు పన్నెండు లక్షల చిల్లర. గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపుతో కాంగ్రెస్ ఆ ఎన్నికలను బహిష్కరించింది. ఉన్న ఓటర్లలో ఓటు వేసినవారు నలుగురిలో ఒకరే. ఎన్నికయ్యే స్థానాలు 98, వాటిలో 63 బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన జస్టిస్ పార్టీకి వచ్చాయి. అరవై మూడు అంటే పెద్ద గెలుపే. అయితే ఆ గెలుపు వెనక ఉన్న జనాన్ని వెతకబోతే, కొట్టిన కాయలోంచి జీడి తీసేశాక మిగిలిన డొక్కలా ఉంటుంది.

ఇలా అని వాళ్లను తీసిపారేయడానికి కూడా నాకు మనసొప్పదు. ఉద్యోగాల్లో, చదువుల్లో బ్రాహ్మణేతరులకు చోటు లేదన్న వాళ్ల ఫిర్యాదు అబద్ధం కాదు. ఆ మండలిలో 28 స్థానాలు బ్రాహ్మణేతరులకు ప్రత్యేకించింది కూడా అందుకే. ఆడవాళ్లకు ఓటు హక్కు ఇస్తూ 1921 ఏప్రిల్‌లో తీర్మానం చేసింది ఆ మండలే. బ్రిటిషు ఇండియా రాష్ట్రాల్లో అది మొదటిది. ఆస్తి, పన్ను షరతులు మాత్రం ఆడవాళ్లకూ తప్పలేదు.

ఆ గెలుపుతో ముగ్గురు మంత్రులయ్యారు. సుబ్బరాయలు రెడ్డియార్ మొదటి మంత్రి, అంటే వారిలో ముఖ్యుడు. తక్కిన ఇద్దరిలో ఒకరు కూర్మా వెంకటరెడ్డి నాయుడు, రెండోవారు కాళహస్తికి చెందిన పానుగంటి రామారాయణింగారు, అంటే పానగల్ రాజా. ఖజానా, పోలీసులు, భూమి శిస్తు గవర్నరు చేతిలోనే ఉంచుకుని చదువు, వైద్యం, స్థానిక పాలన లాంటివి మంత్రులకు వదిలారు. స్థానిక పాలన పానగల్ రాజా వాటాకు వచ్చింది. మా ఊరి కథలోకి ఆయన వచ్చింది అలాగే.

చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేయాలన్న నిర్ణయం ఆయన మంత్రి కాకముందుదే. ఏడాదికి సుమారు రూ. 4,000 ఉన్న పన్ను రూ. 40,000 అవుతుందన్నారు. నేత పనివాళ్ల ఊరు ఇది, ఎక్కడి నుంచి తెస్తారు? వద్దన్నారు, అర్జీలు పెట్టారు, కట్టబోమన్నారు. జైలుకు వెళ్లినవాళ్లలో రావూరి అలమేలమ్మ అనే ఆవిడ కూడా ఉన్నారు. పానగల్ రాజా మంత్రి అయ్యాక కూడా మునిసిపాలిటీ పోలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చారు. ఊరే లేకపోతే మునిసిపాలిటీ ఎక్కడ ఉంటుంది? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట నడిచి, పదిహేను వేల జనంలో పదమూడు వేలకు పైగా ఊరి పొలిమేర దాటి రామ్‌నగర్‌లో తాటాకు పాకలు వేసుకున్నారు. పదకొండు నెలలు అక్కడే.

ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. మునిసిపల్ పన్ను కడితే ఓటు దగ్గరకు వస్తుంది. అంటే వాళ్లు కాదని వెళ్లిపోయిన ఆ పన్నులోనే, కొందరికైనా ఓటు కూడా ఉండి ఉండాలి. ఆ మాట వాళ్లకు ఎవరైనా చెప్పారా? చెప్పినా వినేవాళ్లా? మగ్గం గుంటలో కూర్చుని పది రెట్ల పన్ను గురించి ఆలోచించేవాడికి మద్రాసులో ఎవరు గెలిస్తే ఏమిటి! నేనైనా పాకకే వెళ్లేదాన్నేమో. కచ్చితంగా చెప్పలేను, ఐదు రూపాయల తగ్గింపు కోసం వరుసలో నిలబడి వచ్చినదాన్ని కదా.

ఇంటికి వచ్చి ముక్కలు గుడ్డ మీద పోస్తూ అత్తయ్యను అడిగాను, రామ్‌నగర్ గురించి మీ నాయనమ్మ ఏమైనా చెప్పేవారా అని. "ఏం చెబుతుంది, పొయ్యి ముట్టిస్తే తాటాకు అంటుకుంటుందేమోనని భయపడేదాన్ని అనేది. వానకు కట్టెలు తడిసేవని అనేది" అన్నారు. గోపాలకృష్ణయ్య గురించి? "ఆయన పాడేవాడట." అంతే. పదకొండు నెలల నుంచి ఆ నాయనమ్మ తెచ్చుకున్నది పొయ్యి, కట్టెలు, ఒక పాట. నా నోటుపుస్తకంలో అరవై మూడు, తొంభై ఎనిమిది ఉన్నాయి. వాటి కింద ఇవి కూడా రాశాను.

తరువాత ఆవిడ రసీదు అడిగి తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని తగ్గింపు సరిగ్గా వేశారో లేదో రెండుసార్లు లెక్క చూశారు. సరిపోయింది. మడిచి బిస్కెట్ల డబ్బాలో పాత రసీదుల మీద పెట్టారు. ఇంటి యజమాని అన్నచోట ఇప్పటికీ మామయ్యగారి పేరే వస్తోంది. మీ పేరు మీదకు మార్పిద్దామా అంటే, "వచ్చే ఏడు చూద్దాంలే, ముందు ఆ ముక్కలు తుడువు, చెమ్మ ఉంటే బూజు పడుతుంది" అన్నారు.

తుడిచేసరికి పదిన్నర అయింది. జాడీ ఇంకా ఎండబెట్టలేదు.